డల్హౌసీ కొండపై ఆంగ్ల పాఠములు

1959 మార్చి 31న దలైలామా భారతభూమిపై అడుగిడెను. ఆయన వెనుకనే వేలకొలది టిబెట్టు ప్రజలు హిమాలయములు దాటి వచ్చిరి. వారిలో పలువురు మొదట అస్సాములోని మిసామారి శిబిరమును చేరిరి. మంచుదేశపు వారికి అచటి ఉక్కయు, వెదురు కుటీరముల ఇఱుకును దుస్సహములయ్యెను. ప్రభుత్వము అన్నవస్త్రములను సమకూర్చగలిగెను. కాని పరదేశమున బ్రదుకుటకు భాష కూడ కావలయును గదా!

ఆ శిబిరమునకు నెహ్రూ సలహాదారుగా పంపినది ఫ్రీడా బేడీని. 1911లో ఇంగ్లండులోని డెర్బీలో జన్మించి, ఆక్స్‌ఫర్డులో చదివి, పంజాబు యువకుని వివాహమాడి, 1941లో సత్యాగ్రహము చేసి చెఱసాలకేగిన వనిత ఆమె. అప్పటికి కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పత్రికకు సంపాదకురాలు. యువలామాలు స్వశాస్త్రములందు పండితులే; కాని ఆశ్రయమిచ్చిన దేశమున ఒక దరఖాస్తునైనను చదువలేకుండిరి. వారి విద్య వారితోనే అంతరింపరాదని ఆమె తలచెను.

ఢిల్లీలో యువలామాల పాఠశాల వెలసెను. పిదప అది, నేడు హిమాచల ప్రదేశమున నున్న డల్హౌసీకి తరలెను. విదేశములనుండి స్వచ్ఛందముగా వచ్చినవారును అచట ఆంగ్లము బోధించిరి. 1964లో లండను గ్రంథాలయోద్యోగిని డయాన్ పెర్రీ అట్లే వచ్చి, ఆ యేడే బౌద్ధదీక్ష గైకొని టెన్‌జిన్ పాల్మో అయ్యెను. నేర్పవచ్చినామె శిష్యురాలైనది!

విద్యార్థులలో చోగ్యమ్ ట్రుంగ్పా 1963లో ఆక్స్‌ఫర్డునకేగి, 1967లో సహాధ్యాయి అకోంగ్‌తో కలసి స్కాట్లండులో సమ్యే లింగ్ అను బౌద్ధకేంద్రమును స్థాపించెను. పిదప సన్న్యాసము విడిచి 1970లో వివాహమాడెను. క్రొత్త భాష పాతవిద్యకు త్రోవ చూపును. నేర్చినవానిని పూర్వమువలె ఉండనిచ్చునన్న భరోసా మాత్రము లేదు. అయినను ఆ భాష లేనిచో ఆ విద్య గుడారములలోనే మూగవోయెడిది.

ఈ కథ ఆంధ్రులకు పరాయిది కాదు. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజునకు వ్రాసెనని ప్రసిద్ధమైన ‘సుహృల్లేఖ’కు సంస్కృతమూలము నశింపగా, టిబెట్టు అనువాదము దానిని కాపాడెను. కృష్ణాతీరపు వాణిని శతాబ్దులపాటు దాచినవారి వారసులకే డల్హౌసీలో అక్షరాభ్యాసము జరిగినది.

ఫ్రీడా బేడీ 1966లో సన్న్యాసదీక్ష వహించి, 1977లో ఢిల్లీలో పరమపదించెను. పాఠశాల చిరకాలము నిలువలేదు. అచట నేర్చిన మాట మాత్రము ఖండాంతరములకు ప్రాకెను. శరణార్థుల సంరక్షణ ఆమెకు ఒప్పగింపబడిన ఉద్యోగధర్మము. వారికి గొంతు నిచ్చుట ఆమె స్వయముగా ఎత్తుకొన్న భారము.