కందనవోలు, కడప: దోషాల పట్టిక లేని ప్రణాళికలు

1953 అక్టోబరు మొదటి వారంలో మన దేశంలో రెండు రాజధానులు ప్రారంభమైనాయి. 1వ తేదీన కర్నూలులో ప్రధాని నెహ్రూ ఆంధ్రరాష్ట్రానికి ప్రారంభోత్సవం చేశారు. 7వ తేదీన పంజాబు రాజధాని చండీగఢ్‌ను రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూసినవారు అరుదు. పెట్టి చూస్తే మన రాయలసీమ పట్టణాల కథ సగం అర్థమవుతుంది.

దేశ విభజనలో లాహోరును పోగొట్టుకొన్న పంజాబువారు కొత్త రాజధాని కోసం శివాలిక్ కొండల పాదాన నేల వెదకి, 1951 నాటికే లె కొర్బూజియే చేత నగరానికి పటం గీయించుకొన్నారు. మదరాసును వదులుకొన్న మనవారికి అంత వ్యవధి లేదు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు అమరులైనారు. తరువాతి అక్టోబరుకల్లా రాష్ట్రం ఏర్పడింది. రాజధాని ఎక్కడ అన్న వాదం తేలేసరికి 1953 సంవత్సరం సగం గడిచిపోయింది. అప్పటికి కర్నూలు జనాభా 60 వేల ప్రాంతం. ఆ చిన్న ఊరిమీదికి ఒక్కసారిగా సచివాలయం, శాసనసభ, వేలమంది ఉద్యోగులు, వారి కుటుంబాలు వచ్చిపడ్డాయి. ఉన్న భవనాలు చాలక గుడారాలు వేశారు. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం గుడారాల నీడన మొదలైందని మా పెద్దలు చెప్పుకొనేవారు.

కర్నూలును ఎంచుకొనడం వెనుక ఒక ఒప్పందం ఉంది. 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహంలో సర్కారు జిల్లాల పెద్దలు, సీమ పెద్దలు కూర్చుని వ్రాసుకొన్న ఒడంబడిక అది. రాజధాని, ఉన్నత న్యాయస్థానం - ఈ రెంటిలో ఏది కావాలో కోరుకొనే హక్కు రాయలసీమది. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల వినియోగంలో పదేళ్లపాటు సీమకు మొదటి ప్రాధాన్యం. సీమవారు రాజధానిని కోరుకొన్నారు, హైకోర్టు 1954లో గుంటూరుకు వెళ్లింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించడంతో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. మూడు సంవత్సరాల ఒక నెల: ఇదీ కర్నూలు రాజధాని ఆయుర్దాయం.

రాజధాని వెళ్లిపోయినా కొన్ని పేర్లు మిగిలాయి. ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని నేటికీ కర్నూలులో పేటలున్నాయి. అవి రాజధాని ఉద్యోగుల కోసం వెలసిన విడుదులు. బడిలో పిల్లలకు ‘రూఢి’ అన్న మాట బోధించేటప్పుడు ఈ క్యాంపులనే ఉదాహరణగా చెప్పేవాణ్ణి. క్యాంపు అంటే తాత్కాలికమైన మజిలీ. ఆ మాటే స్థిరనివాసానికి పేరై డెబ్బయ్యేళ్లుగా చెలామణి అవుతున్నది. తాత్కాలికంగా అమర్చినది శాశ్వతమై కూర్చొనడం ఈ నగరానికి ఆనాటినుండే అలవాటైంది.

నిజానికి ఈ ఊరి పేరులోనే మజిలీ ఉంది. తుంగభద్ర ఆవలి ఒడ్డున అలంపురంలో గుడులు కట్టడానికి రాళ్లు తోలే బండ్లు ఏరు దాటబోయే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకొనేవట. అందుచేత కందెనవోలు, కందనవోలు, కర్నూలు అని స్థలపురాణం చెబుతుంది. ‘వోలు’ అన్నది ‘ప్రోలు’కు రూపాంతరం, ఊరు అని అర్థం. కథలో నిజమెంతైనా, ఇది రేవు ఊరు అన్నది మాత్రం భూగోళం చెప్పే సత్యం. తుంగభద్ర ఒకవైపు, హంద్రి ఒకవైపు, రెండూ కలిసే మూలలో పాతపట్టణం. కోట కట్టినవారికి ఆ మూల అనువైనది, ఎందుకంటే శత్రువు రెండు వైపులనుండి నీరు దాటి రావాలి. విజయనగర కాలపు కొండారెడ్డి బురుజు, హంద్రి ఒడ్డున అబ్దుల్ వహాబ్ సమాధి ఆ ఎంపికకు సాక్షులు. 1839లో చివరి నవాబు గులాం రసూల్ ఖానును తొలగించి ఇంగ్లీషువారు ఊరిని స్వాధీనం చేసుకొన్న తరువాత ఆ మూలకు సైనికప్రయోజనం తీరిపోయింది. జనం మాత్రం అక్కడే ఉన్నారు, నీరూ అక్కడే ఉంది.

ఆ పిమ్మట వచ్చిన పెద్ద ప్రణాళిక కర్నూలు-కడప కాలువ. సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, సుమారు 300 కిలోమీటర్లు కాలువ త్రవ్వి కడప దాకా నీరు, నీటితోపాటు పడవలు నడపాలన్నది సంకల్పం. మదరాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో పని ప్రారంభించింది. కర్నూలులో హంద్రి మీదుగా కాలువను దాటించిన వంతెన ఆనాటి ఇంజనీర్ల నేర్పుకు గుర్తుగా నేటికీ కనిపిస్తుంది. అయితే కంపెనీ లెక్క ఒకటి, రైతు లెక్క ఒకటి. నల్లరేగడిలో వర్షాధారపు పైరు పండించుకొనే రైతు, వాన పడిన ఏడు నీటితీర్వ కట్టి కాలువనీరు ఎందుకు తీసుకొంటాడు? కంపెనీ ఆశించిన రాబడి రాలేదు. 1876-78 నాటి ధాత కరవులో జనం పిట్టల్లా రాలిపోయారు. 1871 జనాభా లెక్కలతో పోలిస్తే 1881 నాటికి కర్నూలు జిల్లా జనాభా నాలుగో వంతు తగ్గిపోయింది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనుగోలు చేసింది.

కోట యుద్ధం కోసం, కాలువ లాభం కోసం, రాజధాని ఒడంబడిక కోసం వచ్చాయి. మూడూ పెద్ద ఆలోచనలే, మూడూ బయటినుండి వచ్చినవే. ఊరి నేల స్వభావమేమిటి, ఇక్కడ ఏమి జరిగితే కీడు అన్న ప్రశ్నతో మొదలైనది ఒక్కటీ లేదు.

అట్లా మొదలైన ప్రణాళిక మన సీమలోనే ఆరున్నర శతాబ్దాల క్రితం ఉంది. కడప జిల్లా పోరుమామిళ్లలో అనంతరాజసాగరం అనే చెరువు కట్టించినవాడు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు. ఆ చెరువు వద్ద 1369 నాటి సంస్కృత శాసనముంది. రోజుకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెబుతుంది. అంతకన్న విలువైనది దానిలోని శాస్త్రం. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలంటుంది: ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన విద్వాంసుడు, గట్టి బంకనేల, తీయని నీటి ఏరు, కట్టను ఆనించడానికి కొండలు, రాతి గని, పని తెలిసిన మనుషులు మొదలైనవి. పిదప ఆరు దోషాలు చెబుతుంది: కట్టనుండి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మిట్ట, నీరు స్వల్పమై ఆయకట్టు విస్తారమవడం, నేల స్వల్పమై నీరు అధికమవడం.

గుణాలతోపాటు దోషాలను కూడా రాతిమీద చెక్కించడమే ఇందులో నాకు నచ్చిన సంగతి. మన మాస్టర్ ప్లాన్లలో మొదటి భాగం ఉంటుంది, రెండో భాగం ఉండదు. ఇరవై ఏళ్లకు ఇంత జనాభా, ఇన్ని అడుగుల రోడ్లు, ఇక్కడ నివాసాలు, అక్కడ పరిశ్రమలు అని రంగులు వేస్తారు. ఏమి జరిగితే ఈ నగరం చెడుతుందో వ్రాసిన పుట నాకు కనిపించదు. కాబట్టి భాస్కరుని ఆరు దోషాలలో కొన్నింటిని మన రెండు నగరాలకు అన్వయించి చూద్దాం.

ఆరవ దోషం, నేల స్వల్పమై నీరు అధికమవడం. ఇది 2009 అక్టోబరు 2న కర్నూలుకు అనుభవమైంది. ఆ ఏడు వానలు లేక కరవు వచ్చిందని అందరూ దిగులుపడుతున్న వేళ, సెప్టెంబరు ఆఖరున ఎగువ కర్ణాటకలోనూ మన జిల్లాలోనూ కుంభవృష్టి కురిసింది. తుంగభద్ర, హంద్రి ఒక్కసారిగా పొంగాయి. సుంకేసుల దెబ్బతిన్నది. దిగువన శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చి, 885 అడుగుల పూర్తి మట్టానికి పైన 896 అడుగుల దాకా నిలిచింది. పాతపట్టణం మేడల దాకా మునిగింది. నీరు తీసిన తరువాత నేను చూసిన ఒక ఇంట్లో గోడమీద, తలకన్న ఎత్తున, బురద గీత ఉంది. ఆ ఇంటి ముసలమ్మ చీపురు పక్కన పెట్టి, “ఇంత ఎత్తు నీళ్లు మా అత్తగూడా చెప్పలేదు సారూ” అన్నది. ఆ పేటలో అత్తమామలు చెప్పిన మాటే అంతవరకు వరద రికార్డు.

కడపకు ఇదే దోషం చిన్న వంక రూపంలో ఉంది. బుగ్గ అంటే ఊట. బుగ్గవంక ఏడాదిలో చాలా భాగం మురుగుకాలువలాగా కనిపిస్తుంది గనుక దానిని ఎవరూ ఏరుగా లెక్కచేయలేదు. 2001లో అది పొంగి పట్టణంలో ప్రాణాలు తీసింది. ఆ తరువాత రక్షణ గోడలు కట్టారు. 2020 నవంబరులో నివర్ తుపాను వానలకు మళ్లీ ఇళ్లలోకి నీరు వచ్చింది.

ఐదవ దోషం, నీరు స్వల్పమై నేల విస్తారమవడం. 2011 లెక్కల నాటికి కర్నూలు నగర జనాభా 4 లక్షలు, కడప 3 లక్షలు దాటాయి. వరదలో మునిగే కర్నూలే వేసవిలో తాగునీటికి సుంకేసుల వైపు చూస్తుంది. కడప పెన్న ఇసుకలోని నీటిని నమ్ముకొన్నది. ఒకే నగరానికి ఐదవ దోషమూ ఆరవ దోషమూ కలిసి ఉండటం శాసనకర్త కూడా ఊహించి ఉండడు.

మూడవ దోషం, రెండు రాజ్యాల సరిహద్దు. 2014 జూన్ 2 తరువాత కర్నూలు ఎదుటి ఒడ్డు తెలంగాణమైంది. ఏరు పుట్టేది ఒక రాష్ట్రంలో, ఊరి ముందు పారేది రెండు రాష్ట్రాల నడుమ. కర్నూలు వరదకు ముందస్తు హెచ్చరిక కావాలంటే మూడు రాష్ట్రాల అధికారులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ఇది ఏ నగరపాలక సంస్థ ఒంటరిగా తీర్చగల పని కాదు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. పోరంబోకు. నేడు అది తిట్టు. కరణాల లెక్కల్లో మాత్రం తీర్వ విధించని నేలకు అది గౌరవమైన పేరు: వంక పోరంబోకు, చెరువు పోరంబోకు, బాట పోరంబోకు. ఎవరి సొత్తూ కాకుండా అందరికోసం వదిలిన నేల. నీరు నడవడానికి గ్రామం వదిలిన దారి. మన పాత ఊళ్లకు ఉన్న మాస్టర్ ప్లాను అదే. మాట తిట్టుగా మారిన కాలంలోనే ఆ నేలలు కూడా మాయమైనాయి. నా పాత విద్యార్థి ఒకడు తాను కొన్న ప్లాటు తాలూకు లేఅవుటు పటం తెచ్చి ఎంతో మురిపెంగా చూపించాడు. “వంక ఏదిరా ఇందులో?” అన్నాను. “అది నలభై అడుగుల రోడ్డు చేసినారు సార్” అన్నాడు. పటంలో రోడ్డు చక్కగానే ఉంది. వానకాలంలో ఆ రోడ్డే వంక అవుతుందని వాడికి చెప్పి పంపాను.

రాజధాని మాట మళ్లీ వచ్చింది, వెళ్లింది. 2020లో కర్నూలును న్యాయరాజధాని చేస్తూ చట్టం చేశారు, 2021 నవంబరులో ఆ చట్టాన్ని ఉపసంహరించారు. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు ధర్మాసనం కోరుతూ శాసనసభ తీర్మానించింది. శ్రీబాగ్ వాగ్దానం గుర్తున్న నాబోటివాడికి న్యాయస్థానం రావడం సంతోషమే. కాని 1953లో వచ్చినట్లే వస్తే మరొక క్యాంపు వెలసి ఊరుకొంటుంది. ఈలోగా 2017లో కర్నూలుకు, 2019లో కడప ప్రాంతానికి పట్టణాభివృద్ధి సంస్థలు ఏర్పడినాయి. నగరం చుట్టూ ఉన్న పల్లెలను కూడా కలిపి ఆలోచించే అధికారం ఇప్పుడు చట్టంలో ఉంది. వంకలు మొదలయ్యేది ఆ పల్లెలలోనే కనుక ఇది మంచి అవకాశం.

చండీగఢ్ పటంలో అందరూ చెప్పుకొనేది గళ్లుగళ్లుగా ఉన్న సెక్టార్లను. అక్కడివారు కొండలనుండి వచ్చే వాగును కూడా మరచిపోలేదు. 1958లో దానికి అడ్డుకట్ట వేసి సుఖ్నా సరస్సు చేశారు. మన కర్నూలుకు లె కొర్బూజియే అక్కరలేదు. గ్రామపటాలలోని వంక పోరంబోకులన్నీ కొత్త పటంమీద నీలిరంగుతో మళ్లీ గీయాలి. 2009 నాటి నీటిమట్టాన్ని పేటపేటనా ఒక రాతి గుర్తుగా నిలపాలి. ఆ గీతకు దిగువన బడి, ఆసుపత్రి కట్టరాదని వ్రాసుకోవాలి. భాస్కరుడు చెరువుకు వ్రాయించినట్లే, నగరానికి కూడా దోషాల పట్టిక ఒకటి పటం పక్కనే అచ్చువేయాలి.

మిత్రులారా, మీలో చాలామంది నెల్లూరు, అనంతపురం, వరంగల్లు మొదలుకొని సముద్రాల ఆవలి ఊళ్ల వరకు ఎక్కడెక్కడో ఉన్నారు. మీ ఊరిలో ఇప్పుడు రోడ్డుగానో కాలనీగానో మారిపోయిన వంక, కుంట, చెరువు ఏదైనా ఉంటే దాని పాత పేరుతో సహా క్రింద వ్యాఖ్యగా వ్రాయగలరు. మాటలు తెలిసిన పెద్దలు ఇంట్లో ఉంటే వారిని అడిగి వ్రాస్తే మరీ సంతోషం. వచ్చిన పేర్లన్నీ అకారాది క్రమంలో కూర్చి మరొక టపాగా పెడతాను.