వినికిడి లోపం గలవారికి సౌలభ్య నియమాలు: చరిత్ర

వినికిడి లోపం గలవారు చదువు, వైద్యం, ఉద్యోగం, న్యాయం, రవాణా, ప్రసార మాధ్యమాలను ఇతరులతో సమానంగా వినియోగించుకోవడానికి చట్టసభలు, ప్రభుత్వాలు, న్యాయస్థానాలు చేసిన ఏర్పాట్లను సౌలభ్య నియమాలు అంటారు. నడవలేనివారికి మెట్లు అడ్డయితే, వినలేనివారికి సమాచారం శబ్దరూపంలో మాత్రమే ఉండడం అడ్డవుతుంది; కనుక వీరి విషయంలో సౌలభ్యమంటే మాటను రాతగానో, సైగగానో, వెలుగు సంకేతంగానో మార్చి అందించడమే. ఈ తేడాను చట్టం గుర్తించడానికి చాలా కాలం పట్టింది.

ఆ ఆలస్యానికి కారణం నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో తేటగా కనిపిస్తుంది. శివన్నగూడెం మొదలైన ఇక్కడి గ్రామాలు, ఫ్లోరైడ్ నీరు తాగి ఎముకలు వంకరపోయిన మనుషుల వల్ల దేశమంతటికీ తెలిశాయి. ఆ వైకల్యం కంటికి కనిపించేది గనుక పోరాటాలు సాగాయి, చివరకు రక్షిత మంచినీటి పథకాలు వచ్చాయి. వినికిడి లోపం ఫోటోకు దొరికేది కాదు. గ్రామ పంచాయతీ చాటింపు, బస్టాండు మైకు, ఆస్పత్రిలో పేరు పెట్టి కేకవేసే పిలుపు అన్నీ చెవిని నమ్ముకొన్నవే కాబట్టి, వినపడని మనిషి వరుసలో అందరికంటే ముందు నిలబడినా తన వంతు దాటిపోయిన సంగతి తెలియక అక్కడే ఉండిపోతాడు. ఈ లోపం అరుదైనదేమీ కాదు: 2011 జనగణన ప్రకారం దేశంలో వినికిడి లోపం గలవారు సుమారు 50.7 లక్షలు, అంటే చూపు లోపం గలవారికంటే కొంత ఎక్కువే. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వీరు సుమారు 3.34 లక్షలు.

భారతదేశంలో ఈ కోవకు చెందిన తొలి నియమాల్లో ఒకటి 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉండేది. మాట్లాడలేని సాక్షి బహిరంగ న్యాయస్థానంలో రాతతో గాని, సైగలతో గాని చెప్పినదాన్ని మౌఖిక సాక్ష్యంగానే పరిగణించాలని దాని 119వ సెక్షన్ నిర్దేశించింది. సైగలను విడమరచి చెప్పే దుబాసీ సహాయం తీసుకోవాలని, ఆ వాంగ్మూలాన్ని వీడియో తీయాలని 2013లో చేసిన సవరణ జోడించింది. ఈ రెంటి మధ్య గడిచింది 141 ఏళ్లు.

విద్యారంగంలో బధిరుల పాఠశాలలు 1880 దశకంలో బొంబాయితో మొదలైనా, పెదవుల కదలికను చూసి మాట గ్రహించే పద్ధతికే అవి చాలాకాలం ప్రాధాన్యమిచ్చాయి. సైగల భాషకు తరగతి గదిలో చోటు దక్కలేదు. వినికిడి లోపం గలవారి కోసం 1983లో బొంబాయిలో నెలకొల్పిన జాతీయ సంస్థకు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగాను, అనంతరం మహారాష్ట్ర గవర్నరుగాను పనిచేసిన హైదరాబాదీయుడు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉంది.

హక్కుల రూపంలో తొలి సమగ్ర శాసనం 1995 నాటి వికలాంగుల చట్టం. మెరుగైన చెవిలో 60 డెసిబెల్స్ లేదా అంతకుమించిన నష్టాన్ని అది వినికిడి లోపంగా నిర్వచించి, ప్రభుత్వోద్యోగాల్లో ఒక శాతం కేటాయించింది. డెసిబెల్ శబ్ద తీవ్రతకు కొలమానం. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది కాబట్టి, ఎదుటి మనిషి మామూలుగా మాట్లాడితే అందని స్థితినే ఆ చట్టం గీతగా తీసుకొన్నదని చెప్పవచ్చు. ఈ కొలతను తీసే పరీక్ష ఆడియోమెట్రీ. బయటి చప్పుడు రాని గదిలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, వేర్వేరు స్థాయుల ధ్వనులు ఒక్కొక్కటే వినిపిస్తూ, వినపడినప్పుడల్లా మీట నొక్కమంటారు. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన సదరం శిబిరాల్లో ఈ పరీక్ష ఆధారంగానే వైకల్య శాతం రాసి ధ్రువపత్రం ఇస్తూ వచ్చారు.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం, లోపలి చెవిలో విద్యుత్ సాధనాన్ని అమర్చి శ్రవణనాడిని నేరుగా ప్రేరేపించే కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సను పేద పిల్లలకు అందుబాటులోకి తెచ్చింది. 2014 నవంబర్ 8న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులో ప్రారంభమైన ఆసరా పింఛను మార్గదర్శకాలు మాత్రం ఇతర వైకల్యాలకు 40 శాతాన్ని కనీస అర్హతగా పెట్టి, వినికిడి లోపానికి 51 శాతం కోరాయి. కనిపించని వైకల్యాన్ని అనుమానంతో చూసే అలవాటు ఈ తేడాలో కనబడుతుంది. దీనికి న్యాయమైన ఆధారం లేదు. రైల్వే ఛార్జీల రాయితీ సైతం వినికిడి, మాట రెండూ లేనివారికే పరిమితమైంది.

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించడంతో పాత చట్టాన్ని మార్చవలసి వచ్చింది. 2016లో ఆమోదం పొంది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం, రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ నష్టం ఉన్నవారిని బధిరులుగాను, 60 నుంచి 70 వరకు ఉన్నవారిని మంద వినికిడి గలవారుగాను వేరుచేసింది; ఉద్యోగాల్లో వీరి ఒక శాతం వాటాను నిలిపింది. దీని 42వ సెక్షన్ టెలివిజన్ వంటి మాధ్యమాల్లో సైగల భాషానువాదం, తెరపై మాటల రాత ఉండేలా చర్యలు తీసుకోవాలని ప్రభుత్వానికి బాధ్యత అప్పగించింది. ఈ బాటలోనే 2019 సెప్టెంబరులో టీవీ కార్యక్రమాలకు ప్రమాణాలు వెలువడ్డాయి గాని, ప్రత్యక్ష ప్రసారాలు, చర్చలు వాటి పరిధిలోకి రాలేదు. జనం ఎక్కువగా చూసేవి అవే. భారతీయ సైగల భాషా నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు పెరిగింది.

ఈ ప్రమాణాల్లో చాలావరకు సిఫారసులుగానే మిగిలిపోవడం అసలు లోపం. ప్రజా సౌకర్యాల అందుబాటుపై 2005లో దాఖలైన రాజీవ్ రతూరి వ్యాజ్యంలో, హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం సుప్రీంకోర్టు కోరిక మేరకు దేశస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది. దాన్ని ఆధారం చేసుకొని 2024 నవంబర్ 8న న్యాయస్థానం, 2016 చట్టం తప్పనిసరి నియమాలు కోరుతుండగా దాని కింద 2017లో చేసిన 15(1)వ నియమం ఐచ్ఛిక మార్గదర్శకాలతో సరిపెట్టిందని కొట్టివేసి, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ ప్రమాణాలు మహానగర భవనాల దగ్గరే ఆగిపోకూడదు. మండల కార్యాలయంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, బస్టాండులో ప్రతి పిలుపూ రాతలో కూడా కనిపించాలన్న నిబంధన వాటిలో ఉండి తీరాలి.