గురువులు లేని ఇంటికి సరిగమలు ఎలా వచ్చాయి?

లేత పచ్చిది కాకుండా బాగా ఆరిన వెదురు ముక్క, ఎర్రగా కాల్చిన ఇనప చువ్వ ఉంటే ఇంట్లోనే పిల్లనగ్రోవి చేసుకోవచ్చు. కత్తితో తొలిస్తే వెదురు చీలుతుంది కాబట్టి చువ్వతోనే రంధ్రాలు పెడతారు. సరే, వేణువు తయారైంది. మరి పాట ఎవరు నేర్పుతారు?

వేణువు మీద పేరు తెచ్చుకున్న సిక్కిల్ సోదరీమణుల్లో చెల్లెలు నీలకి అక్క కుంజుమణే నేర్పింది. అలాంటి అక్క అందరి ఇళ్లలోనూ ఉండదు కదా! అలాంటి మనకి దిక్కు కాగితం మీది స్వరం. అది మన చేతికి వచ్చిన కథ తెలిస్తే తెలుగు చదవగలిగినందుకు గర్వంగా అనిపిస్తుంది.

పాతరోజుల్లో సంగీతం చాలావరకు గురువు నోటి నుంచి శిష్యుడి చెవికే వెళ్లేది. పెద్దాయన పోతే ఆయనతోపాటు కొన్ని కీర్తనలూ పోయేవి. 1880ల్లో తచ్చూరు సింగరాచార్యుల సోదరులు మద్రాసులో స్వరాలతో సహా తెలుగు సంగీత పుస్తకాలు అచ్చు వేయించారు. 1890ల్లో చిన్నస్వామి ముదలియారు గారు మన కీర్తనల్ని పాశ్చాత్యుల ఐదు గీతల లిపిలోకి ఎక్కించారు. ఆ లిపి మన ఇళ్లలో ఎంతమందికి వచ్చు చెప్పండి?

ఆయనా, ఎట్టయాపురం సంస్థానాధీశుడూ పట్టుపట్టగా, ముత్తుస్వామి దీక్షితుల వంశంలోని సుబ్బరామ దీక్షితులు తమ దగ్గరున్న విద్యనంతా రాయడానికి పూనుకున్నారు. 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వచ్చింది. వెయ్యి పేజీలకు పైగా ఉన్న గ్రంథం. అచ్చయింది తమిళదేశంలో, రాసినాయన ఇంటిభాష తమిళం, లిపి మాత్రం తెలుగు! అక్కడ సంగీతానికి తెలుగు అంత దగ్గరి భాష.

ఇక చదవడం ఎలాగంటారా? ఛందస్సు గుర్తుందా? లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. స్వరలిపిలోనూ అంతే. 'స' అని పొట్టిగా ఉంటే ఒక లెక్క, 'సా' అని దీర్ఘముంటే రెండు. పక్కన కామా ఉంటే ఇంకొక లెక్క ఆగాలి. అక్షరం మీద చుక్క ఉంటే పై స్థాయి, కింద ఉంటే మంద్రం. నెత్తిన గీత ఉంటే వేగం రెట్టింపు. స్కూల్లో గణాలు కట్టినవాళ్లకి ఇది సాయంత్రం పూట పని!

ఇంటి వేణువుకి ఈ లిపి బాగా కుదరడానికి ఇంకో కారణం ఉంది. ఐదు గీతల లిపిలో ప్రతి గుర్తుకీ ఒక శ్రుతి స్థిరంగా ఉంటుంది. మన 'స' అలా కాదు, ఎవరి 'స' వాళ్లదే. గొట్టం పొడుగైతే శ్రుతి తగ్గుతుంది, పొట్టిదైతే పెరుగుతుంది. రంధ్రాల మధ్య దూరం సరిగ్గా కుదిరితే చాలు, రెండు వేణువులకీ అదే పుస్తకం పనికొస్తుంది. కర్ణాటక వేణువుకి ఊదే రంధ్రం కాక ఎనిమిది ఉంటాయి. మొదటి రెండూ మూసి ఊదితే 'స' పలుకుతుంది. అక్కడి నుంచి సరళీ వరసలు పట్టుకోవచ్చు.

అయితే పుస్తకమే సర్వస్వం అనుకోకూడదు. వేణువుకి కచేరీలో సొంత పీట వేయించిన కుంభకోణం శరభశాస్త్రి గారికి పసితనంలోనే చూపు పోయింది. అక్షరం చూడకుండా, చెవితోనే అంతవాడయ్యారు. దీక్షితుల వారు గమకాలకి కూడా గుర్తులు పెట్టారు గానీ, ఊపిరి ఎక్కడ ఎంత సన్నబడాలో విని తెలుసుకోవాల్సిందే. చిత్రమేమిటంటే, ఆ గ్రంథం వెలువడిన 1904లోనే శాస్త్రి గారు కన్నుమూశారు. అప్పటికి ఆయనకి ముప్ఫై రెండేళ్లు. వాయించిన గాలి ఆయనతో పోయింది. రాసిన స్వరం మిగిలింది.

అందుకే మీ ఇంట్లో అమ్మమ్మో అత్తగారో పాడే మంగళహారతి, లాలిపాట ఉంటే కూర్చోబెట్టి పాడించుకోండి. వచ్చినంత మటుకు సరిగమల్లో నోటుపుస్తకంలో రాసి పెట్టండి. తప్పులుంటే తర్వాత దిద్దుకోవచ్చు. మనవరాలు ఎప్పుడో ఒక వెదురు ముక్క పట్టుకుని అడిగినప్పుడు, చేతిలో పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.