స్నాప్! రెండో ఆల్బమ్: ఫ్రాంక్‌ఫర్ట్ పాట, అమెరికా గొంతు

స్నాప్! బృందం రెండో స్టూడియో ఆల్బమ్ ‘ద మ్యాడ్‌మ్యాన్స్ రిటర్న్’ 1992లో వచ్చింది. పాటల భాష ఇంగ్లీషు, గొంతులు అమెరికన్లవి. తయారైంది మాత్రం జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో. ఇందుకు కారణం ఆ ఊరి చరిత్రలోనే ఉంది.

1945లో హిట్లర్ ఓడిపోయాక గెలిచిన నాలుగు దేశాలూ జర్మనీని పంచుకున్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్ అమెరికా వాటాకు వచ్చింది. ఐ.జి. ఫార్బెన్ అనే రసాయనాల కంపెనీ కట్టించుకున్న పెద్ద భవనంలో అమెరికా సైన్యం మకాం పెట్టి, అర్ధశతాబ్దం అక్కడే ఉంది. సైనికుల కోసం నడిచిన ఏఎఫ్ఎన్ రేడియోను ఊళ్లో కుర్రకారు కూడా విన్నారు. సోల్, ఫంక్, తర్వాత ర్యాప్ అలాగే వాళ్ల చెవిన పడ్డాయి. జర్మన్ డాన్స్ సంగీతం అనగానే అందరూ సింథసైజర్ల గురించే మాట్లాడతారు. ఆ సంగీతం ఈ సైనికులకు పడ్డ రుణం కూడా తక్కువేమీ కాదు.

1978లో ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం టెర్మినల్ అడుగున ‘డోరియన్ గ్రే’ క్లబ్ తెరిచారు. పైన ప్రయాణికులు సూట్‌కేసులు లాక్కుంటూ పోతుంటే, కింద తెల్లవార్లూ డ్రమ్ము మోగేది. స్నాప్!ను నిలబెట్టిన మిఖాయెల్ మ్యూన్‌ట్సింగ్, లూకా అంజిలొట్టి ఈ క్లబ్బుల ఊరి మనుషులే. రికార్డుల మీద మాత్రం బెనిటో బెనైట్స్, జాన్ వర్గో గ్యారెట్ అనే మారుపేర్లు వేసుకున్నారు. 1990లో ‘ద పవర్’తో పేరు తెచ్చుకున్న బృందం ర్యాపర్ టర్బో బి పిట్స్‌బర్గ్ మనిషి, జర్మనీలో పనిచేసిన అమెరికా సైనికుడు.

రెండో ఆల్బమ్ నుంచి ముందుగా వచ్చిన ‘కలర్ ఆఫ్ లవ్’ పెద్దగా ఆడలేదు. ఆల్బమ్‌ను నిలబెట్టింది ‘రిథమ్ ఈజ్ ఎ డాన్సర్’. మొదట్లో దరువు లేదు. సింథసైజర్ స్వరాలు మంచులా పరుచుకుంటాయి. మెల్లగా ఓ చిన్న స్వరాల మలుపు పదేపదే తిరగడం మొదలవుతుంది, ఆ తర్వాత దరువు అందుకుంటుంది. ఆ మలుపు కూడా అమెరికా సరుకే, న్యూక్లియస్ అనే బృందం 1984 నాటి ‘ఆటోమ్యాన్’ నుంచి తీసుకున్నది. దాని మీద గాయని థియా ఆస్టిన్ గొంతు పైకి లేస్తుంది. డాన్స్ పాటలో ఇంత దిగులు పలికించడమే దీని గొప్పతనం. జర్మనీలో 10 వారాలు, బ్రిటన్‌లో 6 వారాలు ఇది మొదటి స్థానంలో నిలిచింది.

ఈ ఆల్బమ్ తర్వాత టర్బో బి బృందాన్ని వదిలిపెట్టాడు. ‘ఎక్స్‌టర్మినేట్!’, ‘డూ యూ సీ ద లైట్’ సింగిల్స్‌ను నికీ హారిస్ పాడింది.

అప్పటికే 1990లో రెండు జర్మనీలూ కలిసిపోయాయి. ప్రచ్ఛన్న యుద్ధం ముగియడంతో అమెరికా దండు పల్చబడుతూ వచ్చింది. ఐ.జి. ఫార్బెన్ భవనాన్ని సైన్యం 1995లో ఖాళీ చేసింది. 2000 చివర్లో డోరియన్ గ్రే మూతపడింది. 2001 నుంచి ఐ.జి. ఫార్బెన్ భవనంలో గోథే విశ్వవిద్యాలయం నడుస్తోంది.