గాస్టన్ మోటెలు - దాని సప్పర్ క్లబ్బు

‘మోటారు’, ‘హోటలు’ అను రెండు మాటలు కలిసి ‘మోటెలు’ అయినది. మన సత్రమున మూల్యము లేదు. పూటకూళ్ల యింట కారు నిలుపు చోటు లేదు. కావున ఆ మాటనే గ్రహించుట మేలు. ఇచట విచారింపదలచినది అమెరికాలోని అలబామా రాష్ట్రమున, బర్మింగ్‌హామ్ నగర మధ్యమున 1954 జూలై 1న తెరువబడిన ఎ. జి. గాస్టన్ మోటెలు. చరిత్రకారులు దీనిని 1963 నాటి పౌరహక్కుల ఉద్యమమునకు స్థావరముగా స్మరింతురు. అది సత్యమే గాని అసంపూర్ణము. పడక, భోజనము, వినోదము అమ్మిన వర్తకశాలగా దానిని ముందు చూడవలెను.

నాటి నగరశాసనము ననుసరించి తెల్లవారును నల్లవారును ఒకే గదిలో భుజింపవలెనన్న నడుమ 7 అడుగుల అడ్డుగోడయు, వీథినుండి వేరువేరు ద్వారములును ఉండవలెను. ఇరువురును కలిసి పేకాడుటయు నేరమే! 1956 ఏప్రిల్ 10న పురపాలక సభాభవనమున తెల్లవారి సభయెదుట పాడుచున్న నాట్ కింగ్ కోల్‌పై కొందరు వేదిక నెక్కి దాడి చేసిరి. ఆయన జన్మస్థలము అలబామాయే. ఇట్టి ఊర నల్లజాతి గాయకుడు పాట ముగిసిన పిదప ఎచట నిద్రించును? గాస్టన్ మోటెలులోని 32 గదులు ఈ ప్రశ్నకు సమాధానము. వానిలో శీతలయంత్రములు గూడ నుండెను. డ్యూక్ ఎలింగ్టన్, అరీతా ఫ్రాంక్లిన్ మొదలగువారు అచట బస చేసిరి.

బానిసల మనుమడైన గాస్టన్ గనిపనివారి అంత్యక్రియల నిమిత్తము చందాలు వసూలు చేయుటతో ఆరంభించి బీమా వర్తకమున ధనికు డయ్యెను. అతడు కట్టినది ధర్మసత్రము గాదు. లాభమునకై కట్టిన మోటెలు. అయినను, తెల్లవారి యనుమతి నపేక్షింపని ఆ లాభమే 1963లో ఉద్యమమునకు నీడ నిచ్చినది. 30వ గదిలో మార్టిన్ లూథర్ కింగు, అబర్నాతీ, షటిల్స్‌వర్తు ప్రభృతులు సమాలోచన జరిపిరి. ఏప్రిల్ 12న శాసనోల్లంఘనమునకు కింగు నిశ్చయించుకొని, ముతక నీలివస్త్రములు ధరించి బయలుదేరినది ఆ గదినుండియే. బాలురను వీథికి దింపుట గాస్టనుకు సమ్మతము గాదు. కాని మే 3న వారిపై నీటిగొట్టములు ప్రయోగించుట ఆయన తన కార్యాలయపు కిటికీనుండి కన్నులార చూచెను. మే 10న ఒప్పందము ప్రకటితమయ్యెను. మరునాటి రాత్రి ఆ గది క్రిందనే బాంబు పేలెను. కింగు అప్పటికే అట్లాంటా చేరియుండెను.

1964 జూలై 2న పౌరహక్కుల చట్టము వెలువడెను. అట్లాంటా నడిబొడ్డునగల 216 గదుల ‘హార్ట్ ఆఫ్ అట్లాంటా’ మోటెలు దానిని ధిక్కరించి వ్యాజ్యెము వేయగా, సుప్రీంకోర్టు డిసెంబరు 14న చట్టమునే సమర్థించెను. నాటితో ప్రయాణికునికి ఏ హోటలు తలుపైనను తెరచుకొనినది. గాస్టన్ మోటెలునకు బేరము తగ్గెను.

ఇచటనే మన విషయము చిక్కనగును. రాత్రి భోజనమును వినోదమును ఒకేచోట సమకూర్చు సప్పర్ క్లబ్బును, అదియు విశాలముగా, గాస్టన్ చేర్చినది 1968లో! అనగా, నల్లవారు మరెచటికిని పోలేని రోజులలో గాక, ఎచటికైనను పోగల రోజులలో. నిర్బంధమువలన వచ్చిన అతిథి పోగా, ఇష్టపడి వచ్చు అతిథికై చేసిన యత్న మిది. దీని వైఫల్యమునకు నిర్వాహకుల అసమర్థతయే కారణమనుట నాకు సమ్మతము గాదు. పోటీ సమానమైనదని యెంచుటయు కష్టమే. తెల్లవారి హోటళ్లకు నల్ల అతిథులు వెళ్లిరి. తెల్ల అతిథులు అట్లే ఇటు మరలలేదు.

1970ల పొడుగునను బేరము క్షీణించుచునే వచ్చెను. 1982లో దానిని వృద్ధుల, వికలాంగుల నివాసముగా మార్తునని గాస్టన్ ప్రకటించెను. ఆ ఉపయోగమును 1996లో ముగిసినది. ఆ యేటి జనవరిలోనే గాస్టన్ 103 ఏండ్ల వయస్సున గతించెను. 2017 జనవరి 12న అధ్యక్షుడు ఒబామా బర్మింగ్‌హామ్ పౌరహక్కుల జాతీయ స్మారకమును ప్రకటించుచు ఈ మోటెలును అందు చేర్చెను. ఆ ప్రకటనలో 1963 విస్తారముగ వర్ణితము. సప్పర్ క్లబ్బునకు దక్కినది ఒక వాక్యములో కొంత భాగము.