నాలుగో అంకె

బిడ్డ కడుపులో ఉండగా తల్లి మద్యం తాగిందా? దత్తత వచ్చిన పిల్లల విషయంలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన మనిషి చాలాసార్లు అందుబాటులో ఉండదు. అందుకే డాక్టర్లు పిల్లల ముఖాన్నే కొలవడం నేర్చుకున్నారు.

ఫ్రాన్స్‌లోని నాంత్‌లో పాల్ లెమ్వాన్ అనే డాక్టరు 1968లోనే, తాగుడు అలవాటున్న తల్లిదండ్రుల పిల్లలు 127 మందిని పరిశీలించి రాశాడు. ఫ్రెంచిలో, ఒక ప్రాంతీయ వైద్యపత్రికలో వచ్చిన ఆ వ్యాసాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1973లో సియాటిల్ డాక్టర్లు కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ బృందం ఎనిమిది మంది పిల్లల గురించి లాన్సెట్‌లో రాస్తేగానీ లోకం వినలేదు. వేర్వేరు జాతుల పిల్లలు, పోలికలు మాత్రం ఒక్కటే. ‘ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్’ అన్న పేరు ఆ ఏడాదే పుట్టింది.

దీన్ని జనంలోకి తెచ్చింది మాత్రం ఒక పెంపుడు తండ్రి. అమెరికన్ రచయిత మైకేల్ డోరిస్ తన దత్తపుత్రుడి గురించి 1989లో ‘ద బ్రోకెన్ కార్డ్’ రాశాడు. ప్రేమగా పెంచితే అన్నీ సర్దుకుంటాయని నమ్మినవాడు. ఒక చికిత్సాకేంద్రంలో అచ్చం తన కొడుకులాంటి పిల్లలు కనిపించాక ఆ నమ్మకం చెదిరింది.

అప్పటికింకా ఈ జబ్బును పట్టడం డాక్టరు కంటి అంచనా మీదే నడిచేది. 1997లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన సూజన్ ఆస్లీ, స్టెర్లింగ్ క్లారెన్ దానికి లెక్క కట్టారు. ఎదుగుదల, ముఖం, మెదడు, తల్లి తాగుడు: నాలుగింటికీ 1 నుంచి 4 దాకా అంకెలు. నుదుటి మీద కొలత తెలిసిన చిన్న స్టిక్కరు అంటించి ఫొటో తీస్తారు. దాని ఆధారంగా కంటి లోపలి కొన నుంచి బయటి కొన దాకా ఎంత పొడవో లెక్కిస్తారు. పైపెదవి ఎంత పలచనో, ముక్కు కింది గాడి ఎంత చదునుగా ఉందో అయిదు నమూనా ఫొటోల పక్కన పెట్టి చూస్తారు.

నాకు నచ్చింది నాలుగో అంకె. తల్లి తాగలేదని రూఢి అయితే 1. తాగిందని తెలిస్తే 3, బాగా ఎక్కువైతే 4. ఏమీ తెలియకపోతే 2. దత్తత ఫైళ్ళలో తరచూ పడేది ఈ రెండే. తెలియదనడానికి కూడా ఒక అంకె కేటాయించడం మామూలు నిజాయితీ కాదు.

ముఖమూ అన్నీ చెప్పదు. కాథ్లీన్ సూలిక్ బృందం 1981లో ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో, మనుషుల్లో గర్భం మూడో వారానికి సరిపోయే దశలో మద్యం తగిలితే ఆ పోలికలు వచ్చాయి. ఆ రోజులు దాటాక తాగితే మెదడు దెబ్బతినవచ్చు, ముఖం మాత్రం మామూలుగానే ఉండవచ్చు. అలాంటి బిడ్డకు తల్లి వివరాలూ లేకపోతే, మెదడు దెబ్బతిన్నదని రాసి, మద్యం సంగతి తెలియదని పక్కన చేర్చి ఫైలు మూసేస్తారు.