కొత్త పాటకు పాతకాలపు హంగు: స్కాట్ బ్రాడ్లీ ప్రయోగం

నేటి పాప్ గీతం మన తాతల కాలంలో వెలువడి ఉంటే ఎలా వినిపించేది? అమెరికాకు చెందిన పియానో వాద్యకారుడు స్కాట్ బ్రాడ్లీ ఈ ప్రశ్ననే వృత్తిగా మలచుకున్నారు. 1981లో జన్మించిన ఆయన, న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో తన అపార్ట్‌మెంట్‌లోనే మిత్రులతో పాటలు చిత్రీకరించి యూట్యూబ్‌లో ఉంచేవారు. అలా రూపుదిద్దుకున్నదే ‘పోస్ట్‌మోడర్న్ జ్యూక్‌బాక్స్’ బృందం.

ఆయన పద్ధతిలో సాహిత్యం మారదు; బాణీ కూడా దాదాపు అలాగే ఉంటుంది. మారేవి లయ, స్వరసమ్మేళనం, వాద్యాలు. కంప్యూటర్ తాళానికి బదులు డ్రమ్స్, డబుల్ బాస్, ట్రంపెట్ వినిపిస్తాయి. లార్డ్ పాడిన ‘రాయల్స్’ను 2013లో విదూషక వేషధారి అయిన గాయకునితో పాడించారు. రేడియోహెడ్ బృందపు ‘క్రీప్’ను 2015లో హేలీ రైన్‌హార్ట్ గళంలో నెమ్మదైన జాజ్ గీతంగా మలిచారు. మూలంలో గిటార్ హోరు చాటున నిలిచిన వేదన ఇందులో స్పష్టంగా వినవస్తుంది. అన్ని ప్రయోగాలూ ఇంతగా పండలేదు. కొన్ని కేవలం వినోదమే.

మన దేశంలో పాట ప్రయాణం సాధారణంగా ఇందుకు విరుద్ధం. రాయపూర్ జిల్లా తిల్దా శ్రోతలకు పరిచితమైన ఛత్తీస్‌గఢీ జానపద గీతం ‘ససురాల్ గేందా ఫూల్’ను ఏ.ఆర్. రెహమాన్ 2009లో ‘ఢిల్లీ-6’ చిత్రానికి ఆధునిక లయతో అందించారు. బ్రాడ్లీ వీడియోలో మూల బృందం పేరు శీర్షికలోనే కనిపిస్తుంది; పల్లె పాటను తొలుత పాడిన గొంతులకు ఆ గుర్తింపు అరుదు.